తెర మీద కుడిచెయ్యి

ఆ వానాకాలం ఘాట్‌లో బండరాళ్లు దొర్లి రైలు ఆగిపోయింది. పట్టాల మీద రాళ్లు పడటం మాకు కొత్తేమీ కాదు. నేను కిరండూల్ లైన్‌లో కీమ్యాన్‌ని. భుజాన సుత్తి, చేతిలో స్పానరుతో పట్టాల బిగింపులు చూసుకుంటూ రోజూ నా బీటు నడిచే మనిషిని. ఏటేటా కొండ కాస్త కిందికి దిగుతుంది, మా గ్యాంగులు దాన్ని పక్కకు తోస్తాయి. అయితే ఆ ఏడు మాత్రం కొండ మా ఇంటి మీదే పడ్డట్టనిపించింది. మా కెజియాను విశాఖపట్నం తీసుకెళ్లాల్సింది ఆ రైల్లోనే.

కెజియా మా ఒక్కగానొక్క పిల్ల. పుట్టుకతోనే వినపడదు, అందుకని మాటా రాలేదు. తొమ్మిదేళ్లొచ్చినా బచేలిలో మా క్వార్టర్ల దగ్గరి బడిలో వెనకబెంచీ మీద బొమ్మలు గీసుకుంటూ కూర్చునేది. ఇంట్లో మాతో మాట్లాడేందుకు తనే కొన్ని సైగలు కట్టుకుంది. వాటిలో సగం నా దగ్గర నేర్చినవే. జెండా లేనప్పుడు రైలును ఆపాలంటే మేము రెండు చేతులూ తలపైకి ఎత్తుతాం. కంచంలో అన్నం చాలనిపిస్తే మా పిల్ల కూడా అలాగే రెండు చేతులూ పైకెత్తేది. ఆ సైగ చూసి కూడా గరిటె ఆపని వాళ్లు ఆ ఇంట్లో ఒక్కరే, మా అమ్మ.

విశాఖలో వినపడని పిల్లలకు హాస్టలుతో సహా ఒక బడి ఉందని మా పాస్టరుగారు చెప్పారు. అక్కడి సంతోషకుమారి టీచరుగారితో ఫోన్లో మాట్లాడాం. ఒక్క సీటే మిగిలిందని, పిల్లను చూశాకే ఇస్తామని, నెలాఖరు దాకా ఆగుతామని అన్నారు. అంతలో రైలు ఆగింది. బస్సులో వెళ్దామంటే కొరాపుట్ వైపు రోడ్డు కూడా కోసుకుపోయింది. పైగా రాళ్లు పడే రోజుల్లో కీమ్యాన్‌కి సెలవెవరిస్తారు?

"అయితే వీడియోలో చూపించండి," అన్నారు టీచరుగారు. "మొహం, రెండు చేతులు, నడుం దాకా కదలకుండా కనబడాలి. ఫోను చేత్తో పట్టుకుంటే మాత్రం కుదరదు."

ఇక్కడే వచ్చింది చిక్కు. మా క్వార్టరులో సిగ్నలు దొరికేది వంటింటి కిటికీ దగ్గరే. అదీ ఫోనును ప్లాస్టిక్ సంచిలో పెట్టి పై ఊచకు వేలాడదీస్తేనే. అలా వేలాడే ఫోను నెట్ ఇస్తుంది గానీ పిల్లను చూడలేదు. చూడ్డానికి ఇంకో కన్ను కావాలి.

ఆ కన్ను కోసం మంగల్ దగ్గరికి వెళ్లాను. మంగల్‌ది సరిహద్దు దగ్గరి ఉసూర్ అనే పల్లె. బచేలి బజారులో చాయిస్ సెంటరు నడుపుతాడు. ఆధార్, కరెంటు బిల్లు, ఫొటోలు, జిరాక్స్, అన్నీ అక్కడే. పాత లాప్‌టాప్ ఒకటి ఇచ్చాడు. దానికి పైనున్న కెమెరా ఎప్పుడో పాడైపోయింది. విండోస్ కూడా మొరాయిస్తుంటే లినక్స్ ఎక్కించానన్నాడు. అదేమిటని అడిగితే, కంప్యూటరును నడిపించే ఏర్పాట్లలో అదొక రకమని, ఊరికే దొరుకుతుందని చెప్పాడు. ఊరికే దొరికేది దేవుడి కృప ఒక్కటే అనుకునేవాణ్ని. సరే, ఇదొకటి అనుకున్నాను. బజారులోనే ఒక చిన్న వెబ్‌కెమెరా కొన్నాను. బొటనవేలంత కన్ను, కింద క్లిప్పు, తోకలాగా వైరు.

ఇంటికొచ్చి తగిలించాం. ఏమీ జరగలేదు. నా భార్య సుమిత్ర కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. మళ్లీ తగిలించాం. తెర మీద 'కెమెరా దొరకలేదు' అన్న ముక్క కదల్లేదు. మర్నాడు డ్యూటీ దిగి, లాప్‌టాపును రెయిన్‌కోటులో చుట్టుకుని బజారుకు పోయాను.

"ఏంది అన్నా, గింత వానల వచ్చినవ్?"

"కెమెరా ఆడట్లేదు మంగల్."

"అరే, పెట్టె మీద ప్లగ్ అండ్ ప్లే అని రాసుంది గదా. పెట్టంగనే ఆడాలె."

"పెట్టాం. మా ఆవిడ ప్రార్థన కూడా చేసింది."

"అంటే రెండు దిక్కులా ట్రై చేసిన్రన్నట్టు. ఇటు తే."

పెట్టెలో ఒక సీడీ ఉంది. దాన్ని పెట్టడానికి లాప్‌టాపుకు చోటే లేదు. ఉన్నా అది విండోస్‌కే పనికొస్తుందట. మంగల్ సీడీని కిటికీకి వేలాడదీశాడు, పిచ్చుకలు రాకుండా ఉంటాయని. తర్వాత నల్లటి తెర ఒకటి తెరిచి అందులో ఏవేవో టైపు కొట్టాడు. తెల్లటి అక్షరాలు జలజలా రాలాయి.

"గిదిగో, మిషన్‌కు నీ కెమెరా కనబడ్డది. పేరుతో సహా చెప్తుంది. నీకే పర్మిషన్ లేదు."

"నా లాప్‌టాపుకి నాకే పర్మిషను లేదా?"

"లినక్స్ గంతే అన్నా, బహుత్ సఖ్త్, రూలంటే రూలే. వీడియో గ్రూపుల నీ పేరు ఎక్కియ్యాలె. గేట్ పాస్ అనుకో."

గేట్ పాస్ అంటే నాకు అర్థమైంది. నా పేరు ఎక్కించాడు, మూసి తెరిచాడు. ఈసారి 'దొరకలేదు' అన్న ముక్క పోయి నల్లటి గడి ఒకటి వచ్చింది. అందులో బొమ్మ లేదు. కెమెరా మీది చిన్న దీపం కూడా వెలగలేదు.

"ఠీక్ హై, సగం అయింది," అన్నాడు మంగల్ గొప్పగా.

ఆ మిగతా సగం మమ్మల్ని వారానికి పైగా తిప్పింది. ఒకరోజు కెమెరా పాడైందన్నాడు. ఇంకో రోజు వైరన్నాడు. నాట్లకని ఉసూర్ పోయాడు, బురద కాళ్లతో తిరిగొచ్చాడు. ఈలోపు సుమిత్ర నల్ల తెరకు జడవడం మానేసింది. మంగల్ కాగితం మీద రాసిచ్చిన ఆజ్ఞల్ని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టేది. తప్పు కొడితే మిషను కసురుకుంటుంది, ఒప్పు కొడితే ఏమీ అనదు. "మీ అమ్మలాగే," అనేది నాతో మెల్లగా.

ఒక ఆదివారం మా ప్రార్థన గుడి నుంచి వస్తుంటే మంగల్ గొడుగు కూడా లేకుండా ఎదురు పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, దొరికింది! మిషన్ల కెమెరాలకు నాలుగు పేర్లున్నయ్! వీడియో సున్నా, ఒకటి, రెండు, మూడు. ఒక్కో కెమెరాకు రెండేసి."

నడిరోడ్డు మీద వానలో చెప్పాడు. లాప్‌టాపుకున్న పాత కెమెరా చచ్చినా దాని పేరు చావలేదు. సున్నా నంబరు దానిదే. ఏ ప్రోగ్రాం తెరిచినా ముందు సున్నా దగ్గరికే పోతుంది. మన కెమెరా రెండో నంబరు. దాన్ని ఎవరూ అడగనే లేదు.

నాకు కళ్లకు కట్టినట్టు కనబడింది. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లు మూసేసిన సైడింగ్ వైపే ఉన్నాయి. బండి ప్రతిసారీ అటే పోయి గడ్డిలో నిలబడిపోతోంది. మెయిన్ లైను ఖాళీగా పక్కనే ఉంది.

"పాయింట్లు మార్చాలంతే కదా?"

"గదే! సెట్టింగుల రెండోది పట్టాలె!"

మా అమ్మ వెనకనుంచి వచ్చి కొంగు నెత్తిన కప్పుకుంటూ అంతా విన్నది. ఆమె పేరు తాతమ్మ. విజయనగరం వైపు నుంచి మా నాన్న వెంట పట్టాలు పరుచుకుంటూ వచ్చిన తరం. "అంటే ఇన్నాళ్లూ అది గుడ్డికన్నుతో సూస్తందేటిరా?" అంది. "మంచికన్ను ఎట్టుకుని!"

ఇంటికెళ్లి తడిబట్టలతోనే రెండో నంబరు పట్టాం. దీపం వెలిగింది. తెర మీద ముందుగా కనబడింది మా ఇంటి పైకప్పు, దాని మీద వాన మరక. తర్వాత మంగల్ ముక్కు. తర్వాత కెజియా మొహం. తన్ను తాను చూసుకుని నాలుక చాపింది. తెరలో పిల్ల కూడా చాపింది. సుమిత్ర ఏడ్చి నవ్వింది. పక్క క్వార్టర్ల వాళ్లంతా వచ్చి వరసగా తెర ముందు కూర్చుని జుట్టు సర్దుకుని పోయారు. ఒకావిడ తన మేకపిల్లను కూడా తెచ్చింది.

తెర మీద మొదటిసారి మాట్లాడినప్పుడు అమ్మ లేదు, గుడిలో ఉపవాస ప్రార్థనకు వెళ్లింది. టీచరుగారు తెరలో ఎంత చక్కగా కనిపించారో! ముందు రోజుల్లో ఆవిడ ఫోనుకు చిన్న చిన్న వీడియోలు పంపారు. నీళ్లు, అమ్మ, ఇల్లు, తినడం, రావడం, పోవడం, ఒక్కోదానికి ఒక్కో సైగ. కెజియా వాటిని చూసి నేర్చుకుంది. ఇప్పుడు చేసి చూపించమన్నారు.

చేసింది. కానీ చెయ్యి బిగుసుకుపోయింది. వేళ్లు ఒకదాన్నొకటి తట్టుకున్నాయి. రెండు మూడు సార్లు మధ్యలో ఆపి, కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని సరిచేసుకుంది.

టీచరుగారు మెత్తగానే చెప్పారు. "తెలివైన పిల్లండీ. చూపులోనే తెలుస్తోంది. కాని చెయ్యి సాగట్లేదు. ఈ ఏడు తీసుకుంటే క్లాసులో వెనకబడి బాధపడుతుందేమో. వచ్చే ఏడు చూద్దామా?"

సుమిత్ర తెరకు దగ్గరగా జరిగింది. "వచ్చే ఏడు దాకా అది మళ్లీ ఆ వెనకబెంచీలోనే కూర్చోవాలమ్మా. ఇంకొక్కసారి చూడండి."

ఆవిడ డైరీ తిరగేసి, వచ్చే శనివారం అన్నారు. అదే ఆఖరు అని కూడా అన్నారు.

ఆ వారమంతా మా ఇల్లు ఆ బొటనవేలంత కన్ను ముందే బతికింది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు కెజియా చేత సాధన చేయించే పని అమ్మ తీసుకుంది. ఆమె చదువు రెండో తరగతి. కానీ పిల్ల పద్ధతి విషయంలో ఆమెను మించిన హెడ్మాస్టరు లేరు. ముఖ్యంగా చేతుల విషయంలో. కెజియాకు చిన్నప్పుడు ఏది అందుకోవాలన్నా ఎడంచెయ్యే ముందుకొచ్చేది. అమ్మ ప్రతిసారీ చెంచా తీసి కుడిచేతిలో పెట్టేది. తీర్పు రోజున గొర్రెలు కుడిపక్క, మేకలు ఎడంపక్క నిలబడతాయని నమ్మిన మనిషి. మనవరాలు మేకల్లో కలిస్తే ఆమె ఎలా ఊరుకుంటుంది?

సోమవారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గొడవ నడుస్తోంది. గుమ్మంలోనే అమ్మ నన్ను పేరు పెట్టి కేకేసింది.

"ఒరే పాదం, ఇలారా! సూడు నీ కూతురు ఏటి సేస్తందో!"

చూశాను. కెజియా 'తినడం' సైగ చేస్తోంది, వేళ్లు కలిపి నోటి దగ్గరికి తెస్తోంది.

"బాగానే చేస్తోంది కదమ్మా."

"దాన్ని కాదురా, తెర సూడు! ఎడంచేత్తో కూడు తింతన్నాది! టీచరమ్మ సూస్తే ఏటనుకుంటాది? పెంపకం నేదనుకోదేటి? అందుకే కాబోలు మొన్న వద్దంది!"

తెర చూశాను. నిజమే, తెరలో మాకు ఎదురుగా కూర్చున్న పిల్ల ఎడంచెయ్యి నోటికి పెట్టుకుంటోంది. పొద్దుటినుంచి వానలో నడిచి ఉన్నాను. ఆకలిగా ఉంది. ఆ క్షణాన అమ్మ చెప్పింది సబబుగానే తోచింది. సుమిత్ర కూడా తెరే చూసి తలూపింది.

అమ్మ కెజియా భుజం తట్టి, కుడిచెయ్యి పట్టి కిందికి దించి, ఎడంచెయ్యి పైకెత్తింది. తెరలో కుడిచెయ్యి లేచింది. "అదీ! అలాగ!" అంది తృప్తిగా.

కెజియా నానమ్మ మొహంలోకి చూసింది. ఇది ఎత్తమంటున్నావా, నిజంగానా, అన్నట్టు ఎడంచెయ్యి ఆడించింది. అమ్మ గట్టిగా తలూపింది. పిల్ల నా వైపు తిరిగింది. నేనూ ఊపాను.

అప్పట్నుంచి దాని చెయ్యి సాగింది. ఒకటి రెండు రోజుల్లోనే ఆ వేళ్లు కొత్తగా గ్రీజు రాసిన ట్రాలీలా దొర్లాయి. టీచరుగారి వీడియో ఒక్కసారి చూస్తే చాలు, అప్పగించేసేది. ఆవిడ పంపని మాటలు కూడా సైగకు సైగ కలిపి కట్టేది. వాన, నాన్న, పోవడం. ఇల్లు, నానమ్మ, తిను తిను తిను. అమ్మ మురిసిపోయి, పద్ధతిగా నేర్పితే ఇలాగే ఉంటుందని పక్క క్వార్టర్లకు చాటింది. నేను బీటు నడుస్తూ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మా ప్రార్థనకే జవాబొచ్చిందనుకున్నాను. జవాబు రావడం నిజమే. అది ఏ దారిన వచ్చిందో అప్పటికి తెలియలేదు.

శనివారం వచ్చింది. మంగల్ షాపుకు తాళం వేసి మరీ వచ్చాడు. ఫోను సంచిలో, సంచి ఊచకు. కెమెరా వెనక నిలబడి, "రెండో నంబర్ పక్కా," అన్నాడు. అమ్మ గుడికి కట్టే చీర కట్టి కెజియా పక్కనే కూర్చుంది. వద్దంటే ఏం చేస్తామో నేనూ సుమిత్రా ఒకరినొకరం అడగలేదు.

టీచరుగారు మొదలుపెట్టారు. ఒక సైగ చేస్తే కెజియా చేసింది. రెండు కలిపి చేస్తే కలిపి చేసింది. ఆవిడ వేగం పెంచారు, పిల్లా పెంచింది. ఆవిడ ఆగి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"పాపది ఎడమచేతి వాటమా అండీ? మొన్న చెప్పలేదే!"

మేమంతా తెరకేసి చూశాం.

"ఎడం సెయ్యేటమ్మా?" అంది అమ్మ. "కుడిసెయ్యే కదా! నానే మార్పించాను. ముందల ఎడంచేత్తో తింతన్నట్టు కనబడితేను!"

"తెరలో చూసి మార్పించారా మామ్మగారూ?"

"మరి? మీకు కనబడేది అదే కదా?"

టీచరుగారు నవ్వు ఆపుకోలేకపోయారు. "కాదండీ. మీ బొమ్మ మీకు అద్దంలోలా తిరగేసి చూపిస్తుంది. నాకు మాత్రం ఉన్నదున్నట్టే వస్తుంది. మీ వెనక గోడ మీద కాలెండరు చూడండి."

చూశాం. తెరలో అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. ఇన్ని రోజులూ మా కళ్ల ముందే ఉన్నాయి. మంగల్ నెత్తిన చెయ్యి పెట్టుకుని, "అరే, గిది నాకు తెల్సు గదా! ఎవ్వరన్నా అడిగిన్రా?" అన్నాడు.

అమ్మ తన కుడిచెయ్యి మెల్లగా ఎత్తింది. తెరలో తాతమ్మ ఎడంచెయ్యి ఎత్తింది. దించి, ఇంకోటి ఎత్తింది.

"ఓలమ్మో! అయితే వారం బట్టి గుంట సేత ఎడంచేత్తో కూడు తినిపించానేటి!"

సుమిత్రకు నవ్వు రాలేదు. "ఇప్పుడే మారుస్తామండీ. కుడిచేత్తో చేస్తుంది. మళ్లీ చేస్తుంది," అని కెజియా చెయ్యి పట్టుకోబోయింది.

"వద్దు వద్దు, ముట్టుకోకండి," అన్నారు టీచరుగారు. "మా బడిలో ఎడమచేతి పిల్లలు చాలామందే ఉన్నారు. అలాగే మాట్లాడతారు. వాళ్ల చెయ్యే వాళ్ల గొంతండీ. మొన్న నేను చూసింది మీ పాపను కాదు, అరువు గొంతును. రైలు నడవగానే తీసుకురండి. సీటు దానిదే."

సుమిత్ర నా భుజం మీద వాలిపోయింది. దేవుడి కుడిచెయ్యి గురించి చిన్నప్పట్నుంచీ పాడుతున్నాను. ఆయన ఎడంచేత్తో ఏం చేస్తాడని ఎప్పుడూ ఆలోచించలేదు. ఈ పిల్లకు గొంతు ఇవ్వలేదని ఆయన్ని చాలాసార్లు అడిగాను. ఇచ్చే ఉన్నాడు. మేమే పద్ధతి కాదని దించుతూ వచ్చాం. దీన్ని పాస్టరుగారిని అడగాలా, అడిగితే ఏమంటారు అనుకున్నాను. తర్వాత ఆ సంగతి ఆయన కంటే అమ్మకే బాగా తెలిసిందనిపించింది. ఆమె కెజియా ఎడంచెయ్యి ఒళ్లోకి తీసుకుని, పొద్దున అంటిన పెన్సిలు మసిని కొంగుతో ఒక్కో వేలూ తుడిచింది. తుడిచి వదిలేసింది.

"ఒక్క నిమిషం ఉండండి," అన్నారు టీచరుగారు. పక్కనుంచి ఎవరినో పిలిచారు. రెండు జడల పిల్ల ఒకతె వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఊర్మిల. హాస్టల్లో కెజియాకు పక్క మంచం దీనిదే."

ఊర్మిల ఏదో అడిగింది. కెజియా కదల్లేదు. తన వయసు పిల్ల ఒకతె తనతో చేతులతో మాట్లాడటం దాని బతుకులో అదే మొదటిసారి. వెనక్కి తిరిగి మా మొహాలు చూసింది, మాకూ కనబడుతోందా అన్నట్టు. మళ్లీ తెరవైపు తిరిగి ఒక సైగ చేసింది. ఊర్మిల రెండు చేసింది. ఇది నాలుగు చేసింది. తెలియని చోట మొహంతో చెప్పింది, మొహంతో కుదరకపోతే గాల్లో బొమ్మ గీసింది. అవతలి పిల్ల దాన్ని పట్టుకుని అసలు సైగ నేర్పింది. ఇక ఎవరు అడుగుతున్నారో ఎవరు చెబుతున్నారో మాకు తెలియకుండా పోయింది. టీచరుగారు కూడా పక్కకు తప్పుకున్నారు.

ఉన్నట్టుండి కెజియా బొటనవేలితో వెనక కూర్చున్న అమ్మను చూపించి, బుగ్గలు పూరించి, ఎడంచేత్తో ఏదో చేసింది. ఊర్మిల పొట్ట పట్టుకుని నవ్వింది. కెజియా గొంతులోంచి కూడా నవ్వొచ్చింది, బొంగురుగా, పెద్దగా.

"నా గురించే!" అంది అమ్మ. "ఏటంతన్నాదిరా? ఒరే పాదం, అడగరా!"

"నాకు తెలీదమ్మా."

"కోడలా, నీకు తెలిసిందేటి?"

సుమిత్ర కళ్లు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపింది. మంగల్ కూడా చేతులెత్తేశాడు.

"టీచరమ్మా, మీరైనా సెప్పండి!"

తెరకు అవతల ఎక్కడినుంచో ఆవిడ గొంతు వినబడింది. "అది వాళ్లిద్దరి మాట మామ్మగారూ. నేను చెప్పకూడదు."

అమ్మ కొంగు సర్దుకుని, నడుం నిటారు చేసి, ఆ బొటనవేలంత కన్నులోకి సూటిగా చూస్తూ కూర్చుంది, తన గురించి ఏం చెప్పుకుంటున్నా బాగా కనబడాలన్నట్టు. పిల్లలిద్దరూ మళ్లీ నవ్వారు. ఏమీ అర్థం కాకుండానే మేమూ నవ్వడం మొదలుపెట్టాం.